ప్లగ్గులో పెట్టే సోలార్ పలకలు - కొనేముందు కొన్ని మాటలు

(వార్షిక సభలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన విషయం కరెంటు గురించి. కరెంటు గురించిన ప్రసంగమంటే భోజనాల వేళకు ముందు ఎవరికీ రుచించదని మాకు తెలుసు. అయినా ఇది సంఘం డబ్బుతో ముడిపడిన సంగతి గనుక కొంచెం ఓపిక పట్టి వినవలసిందిగా మనవి చేస్తున్నాము.

సంగతి ఇది. మన సభ్యులు కొందరు సంతకాలు చేసి కార్యవర్గానికి ఒక అర్జీ ఇచ్చారు. జర్మనీలో ఇంటింటికీ పెట్టుకుంటున్న ప్లగ్ సోలార్ కిట్లను సంక్షేమ నిధి నుంచి కొని ముప్ఫై పేద కుటుంబాలకు ఇవ్వాలని, స్తోమత ఉన్న సభ్యులకు వాయిదాల మీద ఇప్పించాలని అందులో కోరారు. ఒక వ్యాపారి కిట్టుకు 50,000 రూపాయలు చెప్పాడు. ముప్ఫై కిట్లకు పదిహేను లక్షలు. పిల్లల ఫీజులకు, ఆసుపత్రి ఖర్చులకు, ఆడపిల్లల పెళ్లిళ్లకు మనం పైసా పైసా కూడబెట్టిన నిధి ఇది. వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో దీనిమీద నిర్ణయం చేయవలసి ఉన్నది. అందుకని ఆ వస్తువు ఏమిటో, అది మన కర్నూలు మిద్దెల మీద ఏం చేస్తుందో, ఏం చెయ్యదో అందరికీ తెలిసేటట్టు చెప్పాలని అనుకున్నాము.

ముందు వస్తువు సంగతి. రెండు సోలార్ పలకలు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు రెండు చదరపు మీటర్లు, ఇరవై కిలోల పైన బరువు. వాటి వెనక పుస్తకమంత పెట్టె ఒకటి ఉంటుంది, దానిని మైక్రో ఇన్వర్టర్ అంటారు. పలక నుంచి వచ్చే డీసీ కరెంటును అది ఏసీగా మారుస్తుంది. మార్చటమే కాదు, గోడలో ఉన్న కరెంటు ఏ తాళంలో నడుస్తున్నదో అదే తాళంలో కలుపుతుంది. ఆ పెట్టె నుంచి వచ్చిన తీగెకు మామూలు ప్లగ్గు ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి గోడ సాకెట్టులో పెట్టటమే. మనం ఇన్నాళ్లూ సాకెట్టు నుంచి కరెంటు తీసుకున్నాము, ఇది సాకెట్టులోకి కరెంటు ఇస్తుంది. ఒకే తొట్టిలోకి మునిసిపల్ కుళాయి, మన బావి మోటారు రెండూ పోస్తున్నట్టు. బావి నీళ్లు ఎంత పడితే మునిసిపల్ నీళ్లు అంత తక్కువ తిరుగుతాయి. మీటరు అంత తక్కువ చూపిస్తుంది.

ఆలోచన చక్కనిదే. అందులో మోసం లేదు. జర్మనీలో 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి గ్యాసు, కరెంటు ధరలు మండిపోయినప్పుడు జనం వీటి మీద పడ్డారు. అపార్టుమెంటు బాల్కనీ కమ్మీలకు పలకలు వేలాడదీశారు. 2023 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వం వీటి మీద అమ్మకం పన్ను ఎత్తివేసింది. 2024 మే నెలలో చట్టం మార్చి, ఇన్వర్టర్ 800 వాట్ల దాకా, పలకలు 2,000 వాట్ల దాకా ఉండవచ్చునన్నారు. కరెంటు కంపెనీకి విడిగా అర్జీ పెట్టనక్కరలేదు, ప్రభుత్వ రిజిస్టరులో పేరు ఎక్కించుకుంటే చాలునన్నారు. అదే ఏడు అక్టోబరు నుంచి అద్దెకున్నవాళ్లు అడిగితే ఇంటి యజమాని సరైన కారణం లేకుండా కాదనటానికి వీల్లేకుండా చేశారు. 2025 మధ్యకల్లా అక్కడ రిజిస్టరైన ప్లగ్ సోలార్లు పది లక్షలు దాటాయి. అమెరికాలో యూటా రాష్ట్రం 2025 మార్చిలో 1,200 వాట్ల దాకా అనుమతిస్తూ చట్టం చేసింది. ఆ దేశంలో అదే మొదటి రాష్ట్రం.

ఇన్ని లక్షల మంది పెట్టుకున్నప్పుడు మనకెందుకు పనికిరాదు అని అర్జీదారుల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మన సభ్యులలో ఒకరి మేనల్లుడు ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. ఫోనులో అన్నాడట: "మామూ, ఇక్కడ మా బాల్కనీలో పెట్టాను. మీకూ ఒకటి పంపిస్తాను, వద్దనకండి." మామూ పాతకాలం మనిషి. "పంపించు బేటా, కాని ఒక్క మాట చెప్పు. ఇక్కడ మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మీ అత్తయ్య తలమీద ఫ్యాను తిరుగుతుందా?" అవతల కొంచెంసేపు మాట లేదట. "తిరగదు మామూ. కరెంటు పోతే అది కూడా ఆగిపోతుంది."

ఈ ఒక్క జవాబు విన్నవాళ్లు మన అర్జీదారుల్లో ఎందరో మాకు తెలియదు. కరెంటు పోయినా ఇంట్లో వెలుతురు ఉంటుందనే ఆశతోనే సగం మంది సంతకం చేశారని మా అనుమానం. అందుకని ఇది గట్టిగా చెబుతున్నాము: ప్లగ్గు సోలార్‌కు బ్యాటరీ లేకపోతే, కరెంటు పోయిన క్షణంలో అదీ పోతుంది. ఎండ నిప్పులు చెరుగుతున్నా పలక ఊరికే కూర్చుంటుంది. అలా ఆగిపోవటం లోపం కాదు, ఆగి తీరాలి. ఎందుకంటే వీధిలో లైను కట్టేసి లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉంటాడు. మన మిద్దె మీది కరెంటు ఆ తీగెలోకి పోతే అతని ప్రాణానికి ముప్పు. అందుకని గోడ కరెంటు పోగానే రెండు సెకన్లలోపు ఇన్వర్టర్ తనంతట తాను తెగిపోవాలని పరీక్ష పెట్టారు. మన దేశంలో ఆ పరీక్షకు ఐఎస్ 16169 అని నంబరు ఉన్నది. ఈ నంబరు గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇంకొక చిక్కు మాటలోనే ఉన్నది. మన ఊళ్లో "ఇన్వర్టర్" అంటే మెట్ల కింద బ్యాటరీతో ఉండే పెట్టె. కరెంటు పోతే ఫ్యాన్లు, లైట్లు నడిపేది. వ్యాపారి "దీనికి ఇన్వర్టర్ ఉన్నదండీ" అంటే మనవాళ్లు ఆ పెట్టే అనుకుంటారు. రెండూ వేరు. వేరు కావటమే కాదు, ఒకదానికొకటి పడవు. ప్లగ్గు సోలార్‌ను ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ నడిపే లైనులో పెడితే, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఇచ్చే ఏసీని చూసి అది "కరెంటు వచ్చింది" అనుకుని మళ్లీ కలుస్తుంది. అప్పుడు ఇంట్లో ఖర్చు కాని కరెంటు వెనక్కి తిరిగి ఆ పెట్టెలోకి నెడుతుంది. అది అలా తీసుకోవటానికి తయారైన పెట్టె కాదు. కాలిపోయే అవకాశం ఉన్నది. పక్కింటి జనరేటరు లైను తీసుకున్నవాళ్లకూ ఇదే మాట.

ఇక ఎండ సంగతి. కర్నూలువాళ్లకు ఎండ గురించి చెప్పటం అంటే కొల్లేరువాళ్లకు చేపల గురించి చెప్పటమే. ఓర్వకల్లు వైపు బస్సులో వెళ్లినవారందరూ చూసే ఉంటారు, 1,000 మెగావాట్ల సోలార్ పార్కు అక్కడ ఉన్నది. మన ఎండకు కొదవ లేదు. అయితే జర్మనీ కిట్టు జర్మనీ ఎండకు తయారైనది. అక్కడ సూర్యుడు ఎప్పుడూ దక్షిణాన వాలి ఉంటాడు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా దిగంతానికి పదహారు, పదిహేడు డిగ్రీల పైకి లేవడు. అందుకని బాల్కనీ కమ్మీకి నిలువుగా తగిలించిన పలక మీద కూడా ఎండ సూటిగా పడుతుంది. మన సంగతి వేరు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరంగానే నడుస్తాడు. దక్షిణం గోడకు నిలువుగా పలక తగిలిస్తే, ఎండలు మండే ఆ రోజుల్లోనే మధ్యాహ్నపు సూటి ఎండ దాని ముఖాన పడదు. తూర్పు వసారా కమ్మీకి కడితే పొద్దున కొంత, పడమటికి కడితే సాయంత్రం కొంత. అంతే. మన దగ్గర పలక ఉండవలసిన చోటు మిద్దె, దక్షిణానికి పదిహేను డిగ్రీలు వాల్చి. కాబట్టి "మిద్దె లేనివాళ్లకు బాల్కనీ చాలు" అని కాగితంలో వేసిన బొమ్మ చూసి మోసపోవద్దు.

మిద్దె మీద పెట్టినా రెండు మాటలున్నాయి. పలక మీద రాసే వాట్లు ప్రయోగశాలలో, పలక 25 డిగ్రీల చల్లదనంలో ఉండగా తీసిన లెక్క. మన మే నెల మధ్యాహ్నం పలక వేడి 65 డిగ్రీల దాకా పోతుంది. డిగ్రీకి నూటికి పావలా కంటే కొంచెం ఎక్కువ, అంటే 0.35 చొప్పున తగ్గుతుందనుకుంటే, నలభై డిగ్రీలకు 14 శాతం అక్కడే పోయింది. రెండోది నీడ. పలకలో గదులన్నీ ఒకదాని వెంట ఒకటి గొలుసుగా కట్టి ఉంటాయి. నీళ్ల ట్యాంకు నీడో, పక్కింటి మెట్ల గది నీడో ఒక మూల పడితే ఆ మూల మాత్రమే కాదు, పలకలో మూడో వంతో అంతకన్నా ఎక్కువో పడుకుంటుంది. బట్టలు ఆరేసే తాడు, వేసవిలో మంచాలు, ఆరబోసిన మిరపకాయలు, పావురాల గూళ్లు ఇవన్నీ మన మిద్దెల మీద ఉండేవే. పావురాలు పెంచేవాళ్లు పలక కడుక్కునే పనికి ముందే సిద్ధపడాలి. దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. పొద్దున్నే, పలక వేడెక్కకముందే కడగాలి. బోరు నీళ్లు ఆరనిస్తే తెల్లటి చారలు పడతాయి, గుడ్డతో తుడవాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది నిదానంగా వినండి, ఎందుకంటే అసలు తేడా ఇక్కడే ఉన్నది.

జర్మనీలో యూనిట్టు కరెంటు సుమారు 35 సెంట్లు. 2025 చివరి మారకంలో యూరో దాదాపు నూరు రూపాయలు. అంటే యూనిట్టు 35 రూపాయలు. ఆ మేనల్లుడి బాల్కనీలో ఏడాదికి 700 యూనిట్లు వచ్చి, అందులో సగం ఇంట్లో వాడుకున్నాడనుకుందాం. 350 యూనిట్లు, 35 చొప్పున 12,250 రూపాయలు మిగిలింది. కిట్టు 400 యూరోలకు, అంటే 40,000కు దొరికితే మూడేళ్ల చిల్లరలో పెట్టుబడి తిరిగి వచ్చింది. అందుకే అక్కడ అంత సంబరం.

మన ఇంటి లెక్క చూడండి. నెలకు 150 యూనిట్లు కాలే ఇల్లు తీసుకుందాం. ఫ్రిజ్జు, మూడు ఫ్యాన్లు, టీవీ ఉన్న మామూలు సంసారం. మిద్దె మీద 800 వాట్ల పలకలు పెడితే కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున 3.2 యూనిట్లు వస్తాయి. నెలకు 96. అయితే ఆ 96 మన బిల్లులోంచి తగ్గవు. పగలు ఎండ ఉన్న గంటల్లో ఇంట్లో ఎంత కాలుతున్నదో అంతే తగ్గుతుంది. ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు నడిస్తే 250 వాట్లు. పలక మధ్యాహ్నం ఐదారు వందల వాట్లు ఇస్తుంది. మిగిలినది వీధి లైనులోకి ఊరికే పోతుంది, దానికి ఎవరూ పైసా ఇవ్వరు. జాగ్రత్తగా చూస్తే రోజుకు 1.8 యూనిట్లు మనం వాడుకున్నట్టు. నెలకు 54. ఆంధ్రలో 2022లో సవరించిన గృహ రేట్ల ప్రకారం 76 నుంచి 125 దాకా యూనిట్టు 4.50, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 150 నుంచి 96కు దిగితే, 25 యూనిట్లు ఆరు రూపాయల చొప్పున 150, 29 యూనిట్లు నాలుగున్నర చొప్పున 130 రూపాయల 50 పైసలు. మొత్తం 280 రూపాయలు నెలకు. ఏడాదికి 3,366. యాభై వేలు తిరిగి రావాలంటే పద్నాలుగేళ్లు దాటి పదిహేనో ఏడు. సర్దుబాటు చార్జీలు, సుంకం కలిపితే ఏడాదో రెండేళ్లో తగ్గవచ్చు. కాని ఇన్వర్టర్‌కు వ్యాపారి ఇచ్చే హామీ ఐదేళ్లు, మహా అయితే పదేళ్లు.

ఇంకో సంగతి. పేద కుటుంబాలకని కదా మనం అంటున్నాము. నెలకు 60 యూనిట్లు కాలే ఇంటికి 31 నుంచి 75 దాకా యూనిట్టు మూడు రూపాయలే, మొదటి ముప్ఫైకి 1.90. ఆ ఇంట్లో ప్లగ్గు సోలార్ నెలకు నూరు రూపాయలు మిగల్చటం కూడా కష్టం. పేదవాడి బిల్లులో మిగిలేది అందరికంటే తక్కువ. ఈ ముక్క అర్జీలో ఎవరూ ఆలోచించినట్టు మాకు కనపడలేదు.

మీటరు విషయం కూడా వినండి. కొన్ని ఎలక్ట్రానిక్ మీటర్లకు కరెంటు ఏ దిక్కుకు పోతున్నదో పట్టదు. లోపలికి వచ్చినా, బయటికి పోయినా యూనిట్లు పైకే లెక్క పెడతాయి. అలాంటి మీటరు ఉన్న ఇంట్లో మనం వీధికి ఊరికే ఇచ్చిన కరెంటుకు మనమే డబ్బు కట్టవలసి వస్తుంది. "బిల్లు సున్నా" అన్న మాట అక్కడ తిరగబడుతుంది.

డబ్బు కన్నా ముఖ్యం ప్రమాదం. 800 వాట్లంటే మూడున్నర ఆంపియర్లు. చిన్నదే. అయితే అది ప్రవేశించే చోటు చూడండి. మన సాకెట్టు లైనుకు 16 ఆంపియర్ల ఎంసీబీ ఉన్నదనుకుందాం. తీగె మీద అంతకన్నా బరువు పడితే అది తెగి కాపాడుతుంది. సోలార్ కరెంటు ఎంసీబీ దాటి లోపల కలుస్తుంది. ఎంసీబీకి కనపడేది 16, తీగె మోసేది పంతొమ్మిదిన్నర కావచ్చు. ఎంసీబీకి ఆ సంగతి తెలియదు. జర్మనీలో గట్టి తీగెలు, మంచి ఎర్తు ఉన్నాయి గనుక ఈ చిన్న బరువును ఓర్చుకోవచ్చునని అక్కడివారు లెక్క వేసుకుని ఒప్పుకున్నారు. మన పాతపేట ఇళ్ల సంగతి మనకు తెలియనిదా? తాతల నాటి సన్నని తీగెలు, చెక్క బద్దీల మీద. ఎర్తు పిన్ను సాకెట్టులో ఉంటుంది గాని దాని వెనక తీగె ఉండదు. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని రాగి పోగులు నాలుగు మెలేసి కట్టిన ఇళ్లు మన వీధిలోనే లెక్క పెట్టవచ్చు. ఇస్త్రీ పెట్టె, మోటారు, ఫ్రిజ్జు ఒకే లైను మీద ఉన్న ఇంట్లో, దాని మీద ఇంకొక కరెంటు తెచ్చి కలిపితే గోడలోపల తీగె వేడెక్కటం ఎవరికీ కనపడదు. ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టటమైతే ఏ దేశంలోనూ మంచిది కాదు.

అంత శ్రద్ధ ఉన్న జర్మనీలోనే 2023లో ఒక కంపెనీ మైక్రో ఇన్వర్టర్లలో, లైను నుంచి తెగగొట్టటానికి ఉండవలసిన రిలే అసలు లేదని బయటపడింది. పెట్టె విప్పి చూస్తేగాని తెలియలేదు. మన బజారులో ముద్ర కూడా లేని పెట్టెల సంగతి మీరే ఊహించుకోండి.

చట్టం మాటకు వస్తే, వీధి లైనుతో కలిసే ఏ కరెంటు ఉత్పత్తికైనా పంపిణీ సంస్థకు అర్జీ పెట్టుకోవాలని, వస్తువు ప్రమాణాలకు సరిపోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో నిబంధనలు చేసింది, 2019లో సవరించింది. ప్లగ్గు కాబట్టి మినహాయింపు అని అందులో లేదు. చెప్పకుండా పెట్టుకుంటే ఏదైనా ప్రమాదం జరిగిన రోజున ఆ ఇంటి యజమాని జవాబు చెప్పుకోవలసి వస్తుంది. సంఘం పంచిపెట్టిన వస్తువైతే సంఘమూ చెప్పుకోవాలి.

ఇంతవరకూ వద్దన్న మాటలే చెప్పాము. మరి ఏం చెయ్యమంటారని అడుగుతారు గదా.

సొంత మిద్దె ఉన్నవారికి సరైన దారి అనుమతితో పెట్టే రూఫ్‌టాప్ సోలార్. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్లకని, 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు, 2026-27 దాకా గడువు. కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్లకు 60,000, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం 78,000 దాకా సబ్సిడీ. పది కిలోవాట్ల లోపు పెట్టుకునేవారికి సాంకేతిక పరిశీలన లేకుండానే అర్జీ ఒప్పుకున్నట్టు లెక్క అని అదే ఫిబ్రవరిలో నిబంధన మార్చారు. ఇక్కడ పంపిణీ సంస్థ రెండువైపులా లెక్కపెట్టే నెట్ మీటరు పెడుతుంది. పగలు మిగిలినది వీధికి పోయినా లెక్కలో ఉంటుంది, రాత్రి వాడుకున్న దాంట్లో తీసివేస్తారు. ప్లగ్గు సోలార్‌లో ఊరికే పోయే సగం ఇక్కడ మన పద్దులోనే ఉంటుంది. రెండు కిలోవాట్లకు మిద్దె మీద రెండు వందల చదరపు అడుగులు కావాలి. నెలకు 240 యూనిట్ల దాకా వస్తుంది. స్థిర చార్జీలు మాత్రం తప్పవు. ఒక మాట మళ్లీ చెబుతున్నాము, కరెంటు పోతే ఇదీ ఆగుతుంది.

చిక్కు ఎక్కడంటే, సబ్సిడీ పలకలు పెట్టి, తనిఖీ అయి, మీటరు మారిన తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు పూర్తి సొమ్ము పెట్టుకోవాలి. బ్యాంకులు అప్పు ఇస్తున్నాయి, వడ్డీ ఉన్నది. వడ్డీ అప్పు ముట్టని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. కార్యవర్గంలో కొందరి ఆలోచన ఏమిటంటే, పదిహేను లక్షలు కిట్లకు పోసి ఖర్చు రాసుకునే బదులు, సబ్సిడీ మేరకు 60,000 చొప్పున కర్జె హసనాగా ఇద్దాము. ఒకేసారి ఇరవై అయిదు ఇళ్లకు సరిపోతుంది. సబ్సిడీ వచ్చిన రోజున నిధికి తిరిగి కట్టాలి. అదే డబ్బు తర్వాత ఇంకో ఇరవై అయిదు ఇళ్లకు తిరుగుతుంది. నిధి తగ్గదు. మిగతా సొమ్ము ఆ కుటుంబం పెట్టుకోవాలి. ఇందులో పేదలకు నేరుగా అందేది తక్కువేనన్న మాట నిజమే, దాని సంగతి ఇప్పుడే చెబుతాము.

దానికి ముందు మీటరు పేరు సంగతి. ఇది మన పేటలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి. అర్జీ పెట్టేది కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వారు. మన ఇళ్లల్లో సగం మీటర్లు ఇంకా దాదాగారి పేరిటే ఉన్నాయి, ఆయన పోయి ఇరవై ఏళ్లయినా. ఇల్లు నలుగురు అన్నదమ్ములది, పంపకం నోటి మాట మీద, మిద్దె అందరిదీ. పైన పలకలు ఎవరు పెట్టాలి, సబ్సిడీ ఎవరి ఖాతాలో పడాలి, పెద్దన్న వాటా నీడ చిన్నన్న పలక మీద పడితే ఏమిటి? ఇవి సోలార్ కంపెనీవాడు తీర్చే తగవులు కావు. ముందు కూర్చుని కాగితం రాసుకోవాలి, మీటరు పేరు మార్చుకోవాలి. ఆడపిల్లల వాటా మరిచిపోయి రాసుకున్న కాగితాలకు సంఘం సాక్షి సంతకం పెట్టదని కూడా ఇక్కడే చెబుతున్నాము.

ఇక అద్దెకున్నవాళ్లు, రేకుల గదులవాళ్లు, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే మన ఖాలాలు. వారికి బిల్లు తగ్గటం కన్నా కరెంటు పోయినప్పుడు చేతి పని ఆగకుండా ఉండటం ముఖ్యం. పండుగ ముందు వారంలో రెండు గంటలు కరెంటు పోతే ఎన్ని జాకెట్లు ఆగిపోతాయో వారిని అడగండి. వారికి గోడ కరెంటుతో ఏ సంబంధమూ లేని చిన్న ఏర్పాటు సరిపోతుంది. నూరు వాట్ల పలక ఒకటి, లిథియం బ్యాటరీ ఒకటి, ముప్ఫై వాట్లతో తిరిగే డీసీ ఫ్యాను, రెండు ఎల్ఈడీ దీపాలు. సాకెట్టులోకి పోదు గనుక లైన్‌మన్‌కు భయం లేదు, పంపిణీ సంస్థకు అర్జీ లేదు, ఇంటి యజమానితో గోడ పగలగొట్టే పేచీ లేదు. ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. కాళ్లతో తొక్కే మిషనైతే ఈ వెలుతురు, గాలి చాలు. మోటారు మిషనుకు బ్యాటరీ పెద్దది కావాలి, దాని ఖర్చు వేరే. అర్జీలోని ముప్ఫై కుటుంబాలలో మేము వెళ్లి చూసిన చాలా ఇళ్లకు కావలసింది ఇదేనని మా అభిప్రాయం. ప్లగ్గు కిట్టు ఖర్చులో ఇది చిన్న భాగం.

వ్యాపారి ఇంటికి వచ్చినప్పుడు ఏం చేస్తాడో మీరు చూసే ఉంటారు. ఎండలో పలక ఆనిస్తాడు, ప్లగ్గు పెడతాడు, చిన్న మీటరులో ఏడు వందలని అంకె చూపిస్తాడు. అంకె నిజమే. దాన్ని చూడకుండా పెట్టె వెనక చీటీ చూడండి. పలక మీద ఐఎస్ 14286, ఇన్వర్టర్ మీద ఐఎస్ 16221, ఇందాక చెప్పిన 16169 ఉన్నాయా, వాటి సర్టిఫికెట్లో మోడలు నంబరు చీటీ మీది నంబరూ ఒకటేనా అని అడగండి. సబ్సిడీకి పెట్టే పలకల్లో సెల్లు కూడా మన దేశంలో తయారైనదై ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధరే చెబితే ఊరుకోవద్దు. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే, హామీ కాగితం అక్కడే చిరిగిపోయినట్టు. పాతికేళ్ల హామీ అంటే అది పలకకా, ఇన్వర్టర్‌కా, ఇనుప స్టాండుకా? ఇరవై కిలోల పలకను పిట్టగోడకు తీగెలతో కడతామనేవాణ్ణి మెట్ల దగ్గరి నుంచే పంపించేయండి. ఈదురుగాలికి అది కింద సందులో ఆడుకునే పిల్లల మీద పడుతుంది. మిద్దెలో బోల్టులు దిగగొట్టేవాడు వాన కారకుండా ఏం చేస్తాడో ముందే రాయించుకోండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మనవి. మీరు ప్రేమతో పంపుతారు, కాదనము. జర్మనీ కరెంటు, మన కరెంటు రెండూ 230 వోల్టులు, 50 హెర్ట్జులే గనుక ఆ పెట్టె ఇక్కడ పనిచేస్తుంది కూడా. పనిచేస్తుంది గనుకే మాకు భయం. మన వోల్టేజి ఎగుడుదిగుళ్లకు అది మాటిమాటికీ ఆగిపోవటం ఒకటి, పాడైతే బాగుచేసేవాడు లేకపోవటం ఒకటి. ఆ డబ్బే పంపితే ఇక్కడ మీటరు పేరు మార్పుకూ, ఎర్తు గుంతకూ, కొత్త వైరింగుకూ పనికివస్తుంది. అమ్మానాన్నల ఇంటికి అవి ముందు కావాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం జొహర్ నమాజు తర్వాత సంఘం ఆఫీసులో కూర్చుంటాము. సొంత మిద్దె ఉన్నవారు గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదు, మీటరు ఎవరి పేరున ఉన్నదో ఆ వివరం తీసుకురాగలరు. అద్దెకున్నవారు, కుట్టుపని చేసేవారు పేరు, గది కొలత చెబితే చాలు. తెలిసిన వైర్‌మన్‌ను ఒకరిని పిలిపిస్తున్నాము, ఎర్తు ఉన్నదో లేదో ఇంటికి వచ్చి చూస్తాడు, దానికి రుసుము లేదు. ఆడవాళ్లకు విడిగా మేడమీది గదిలో ఏర్పాటు చేస్తున్నాము. అర్జీ మీద సంతకం చేసినవారు తప్పకుండా రావాలి. మా లెక్కలో తేడా ఉన్నదనుకునేవారు తమ బిల్లు తెచ్చి మా ముందే లెక్క వేయవచ్చు, ఓటు ఆ తర్వాతనే.